తొమ్మిదో గదిలో ద్రాక్షపళ్ల వాసన

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో, నడవా చివర ఉన్న తొమ్మిదో గదికి చెడ్డ పేరుంది. నైట్ డ్యూటీ నర్సులు ఆ గదికి ఇద్దరిద్దరుగా వెళ్లేవాళ్లు. ఒకళ్లు లోపలికెళ్తే ఒకళ్లు గుమ్మంలో నిలబడేవాళ్లు. పారిపోవాల్సొస్తే ఎవరు ముందు, ఎవరు వెనక అనేది మెట్ల దగ్గరే మాట్లాడుకునేవాళ్లు.

కథేమిటంటే... ఎన్నో ఏళ్ల క్రితం తోపుడుబండి మీద ద్రాక్షపళ్లు అమ్ముకునే ముసలావిడ ఒకావిడ, చేతికి దెబ్బ తగిలి ఆ గదిలో చేరిందట. చిన్న దెబ్బే. కానీ మళ్లీ ఇంటి మొహం చూడలేదట.

అప్పట్నుంచీ రాత్రి రెండు కొట్టేసరికి ఆ గదిలో ఎవరో గుటకలు వేస్తున్నట్టు చప్పుడవుతుంది. దాని వెనకే... బాగా పండిన ద్రాక్షపళ్ల వాసన. గదంతా వెతికినా ఒక్క పండు కనపడదు. వాసన మాత్రం బుట్ట బోర్లించినట్టు ఉంటుంది.

అంతటితో ఆగితే ఎవరికీ బాధ లేదు. ఆ గదిలో పడుకున్నవాళ్ల గాయాలు ఓ పట్టాన మానవు. రాత్రి ఆవిడ వచ్చి ముట్టుకుంటుందట... ముట్టుకున్నచోట పుండు పచ్చబడుతుందట.

ఇదంతా చెప్పేది ఆయమ్మ. ఇరవై ఏళ్లుగా ఆ అంతస్తు తుడుస్తున్న మనిషి. ఈ కథ చెప్పేటప్పుడు గొంతు సగానికి తగ్గించి, కళ్లు రెట్టింపు చేసేది.

కింద ల్యాబులో పనిచేసే సూదమ్మ మాత్రం నవ్వేసేది. రక్తం తీయడంలో చెయ్యి తేలికని వార్డులవాళ్లు పెట్టిన పేరది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

"కంటికి కనపడనివాటితోనే నాకు తెల్లారితే పని ఆయమ్మా. లక్షల్లో చూస్తాను. ఒక్కటీ నన్ను పట్టుకోలేదు" అనేది.

"అవి పురుగులమ్మా. ఇది మనిషి" అనేది ఆయమ్మ.

అలాంటి సూదమ్మ అత్తగారే తొమ్మిదో గదిలో చేరాల్సొచ్చింది.

అత్తగారు దర్జీ. ఇంటి ముందుగదిలో ముప్ఫై ఏళ్లుగా ఒకటే మిషను, ఒకటే స్టూలు. ఆరోజు కాలుతున్న ఇస్త్రీపెట్టె బల్లమీంచి జారింది. కింద ఎవరిదో కొత్త గుడ్డ ఉంది. ఇంకొకరైతే పక్కకి దూకేవాళ్లు. ఆవిడ చెయ్యి చాచి పట్టుకుంది. గుడ్డ దక్కింది. కుడి అరచెయ్యీ బొటనవేలూ కాలిపోయాయి.

వార్డులో మంచం ఉందన్నారు. "ఇంకొకళ్ల గురక వింటూ పడుకోవడం నావల్ల కాదు. వేరే గది ఇవ్వండి" అందావిడ. ఖాళీగా ఉన్న వేరే గది ఒక్కటే... తొమ్మిది.

దుప్పటి పరుస్తూ ఆయమ్మ చెప్పాల్సిందంతా గుసగుసగా చెప్పేసింది. అత్తగారు ఓపిగ్గా చివరిదాకా విని, "ద్రాక్షపళ్లేగా. నయం, చేపలమ్మినావిడ కాదు" అంది.

అత్తాకోడళ్లది విచిత్రమైన కాపురం. కొడుకు లారీ డ్రైవరు. పదిహేను రోజులకోసారి వచ్చి, నిద్రపోయి, వెళ్లిపోయేవాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో ఆడవాళ్లిద్దరే. ఎనిమిదేళ్లుగా ఇద్దరి మధ్యా యుద్ధం లేదు, సంధీ లేదు. కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే, "ఆసుపత్రిలో ఏదో" అనేది అత్తగారు. మొహం మీదైతే ఇంకో మాట వాడేది. "జనాల చీమూ ఉమ్మూ చూసే ఉద్యోగం. అన్నం ఎలా సహిస్తుందో నీకు."

సూదమ్మ బదులు చెప్పేది కాదు. అన్నం సహించేది.

నాలుగు రోజులు గడిచాయి. నాలుగో రోజు పొద్దున ఆయమ్మ ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి సైగ చేసింది.

"మీ అత్తగారు రాత్రిళ్లు ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?"

"ఎవరున్నారు మాట్లాడటానికి?"

"అదే నేనూ అడిగేది. నాలుగు రాత్రులుగా వింటున్నాను. రెండింటికి మొదలెడతారు. మాట్లాడతారు... ఆగుతారు. ఎవరో ఏదో అన్నట్టు ఆగుతారు... మళ్లీ మాట్లాడతారు."

"జ్వరంలో పలవరింతలు" అంది సూదమ్మ. అంది గానీ, చేతిలో పని అక్కడే వదిలేసి మెట్లెక్కింది.

పైన డాక్టరు గారు కట్టు విప్పుతున్నారు. చివరి పొర వచ్చింది.

తెల్లటి గుడ్డ మీద మరక... ఎరుపు కాదు, పసుపు కాదు. నీలం కలిసిన పచ్చ. నెమలి మెడలో కనిపించే రంగు.

ఆయమ్మ చీపురు రెండు చేతులా పట్టుకుని గోడకి ఆనుకుంది.

డాక్టరు గారు సూదమ్మని బయటికి పిలిచారు. "ఇస్తున్న మందు పనిచెయ్యట్లేదమ్మా. లోపలికి పాకుతోంది. ఎల్లుండి పొద్దున్నదాకా చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే బొటనవేలు సగం తీసెయ్యాలి. ఏం పట్టిందో నువ్వు తేల్చగలిగితే, పనిచేసే మందు వేస్తాను."

తలుపు వారగా ఉంది. లోపల్నుంచి అత్తగారి గొంతు వినపడింది, చాలా మామూలుగా. "ఎడమచేత్తో కత్తెర ఆడుతుందా సిస్టర్? ఎవరైనా ఆడించగా చూశారా?"

సూదమ్మ దూదిపుల్లతో గాయాన్ని అద్ది, గాజుగొట్టంలో పెట్టుకుని కిందికి పరిగెత్తింది.

ఏడేళ్లుగా చేస్తున్న పనే. చిన్న గాజుపలక మీద దూదిపుల్ల రాసి, ఆరబెట్టి, మంటమీద మూడుసార్లు ఆడించింది. ఊదారంగు పోసింది. అయోడిన్ పోసింది. స్పిరిట్‌తో కడిగింది. ఇక్కడే అసలు కీలకం. కొన్ని సూక్ష్మజీవుల జాతులు ఎంత కడిగినా ఊదారంగు వదలవు. కొన్ని ఇట్టే వదిలేస్తాయి. వదిలినవాటికి కనపడేందుకు చివర్న ఎర్రరంగు పట్టించాలి.

మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. ఊదారంగు ఒక్క చుక్కయినా లేదు. సన్నటి ఎర్రటి పుల్లలు... ఎవరో అగ్గిపెట్టె దులిపేసినట్టు.

సగం దారి తేలింది. ఊదారంగు నిలుపుకునే జాతి కాదు. ఇన్నాళ్లూ వేస్తున్న మందు ఆ ఊదావాళ్ల కోసం వేసింది. పనిచెయ్యకపోవడంలో వింత లేదు. కానీ ఎర్రపుల్లల్లో సవాలక్ష రకాలున్నాయి. రకం తెలీకుండా మందు మార్చడమంటే చీకట్లో రాయి విసరడమే. సూక్ష్మజీవులకి తిండి నింపిన గాజు ప్లేట్ల మీద ఆ మచ్చుని తీగతో గీతలుగా గీసి, మనిషి ఒంటి వేడి ఉండే ఇంక్యుబేటర్‌లో పెట్టి తలుపేసింది. ఇక అవి పెరగాలి. తొందరపెడితే వినేవి కావు.

మర్నాడు ఆవిడకి నైట్ డ్యూటీ. రాత్రి తొమ్మిదయింది. ల్యాబులో ఇంకెవరూ లేరు. నడవాలో లైటు ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. సూదమ్మ చేతులు కడుక్కుని, ఇంక్యుబేటర్ దగ్గరికెళ్లి, తలుపు తీసింది.

ద్రాక్షపళ్ల వాసన.

గుప్పుమంది. మెత్తగా, తియ్యగా... మొహం మీదకి వచ్చింది.

సూదమ్మ వెనక్కి అడుగేసింది. స్టూలు తగిలి కింద పడింది. ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం... ఆవిడ నిజంగానే అనుకుంది. ఆ ముసలావిడ రెండంతస్తులు దిగి నా వెనకే వచ్చేసిందని.

గదిలో ఎవరూ లేరు. ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఇంక్యుబేటర్‌లో చిన్న లైటు. ఆ లైటు కింద ప్లేట్లు.

మెల్లిగా దగ్గరికెళ్లి ఒక ప్లేటు పైకెత్తింది. నిన్న రంగులేని ప్లేటు... ఈ రాత్రి నెమలి మెడ రంగులో ఉంది. మూత కొంచెం ఎత్తి, దూరంనుంచే చేత్తో గాలి ముక్కువైపు తోసుకుంది.

అదే వాసన. వస్తున్నది ప్లేటులోంచి.

సూదమ్మ స్టూలు లేవదీసి దాని మీద కూలబడింది. నవ్వొచ్చింది. కాసేపు ఆగకుండా నవ్వుకుంది. ఒంటరిగా నవ్వుతున్నానని తట్టి, అదీ ఆపేసింది.

ముక్కు చెప్పింది గదా అని రిపోర్టు రాయలేరు. రుజువు కావాలి. పెరిగినదాన్ని కొంచెం పుల్లతో తీసి, రసాయనం పూసిన కాగితం మీద రాసి మనసులో లెక్కపెట్టింది. ఒకటి... రెండు... ఎనిమిది అనేలోపు కాగితం ముదురు వంగపండు రంగుకి తిరిగింది. పేగుల్లో కాపురముండే మామూలు ఎర్రపుల్లలైతే ఈ కాగితాన్ని మార్చవు. ఆ కుటుంబమంతా ఒక్కదెబ్బకి జాబితాలోంచి పోయింది.

చక్కెరలు కలిపిన ఎర్రటి గొట్టంలో ఒక పోటు పొడిచింది. చక్కెరని పులియబెట్టే జాతైతే తెల్లారేసరికి గొట్టం పసుపురంగుకి మారాలి. ఇంకో గొట్టం ఆకుపచ్చది. తను అనుమానిస్తున్న జాతే అయితే అది నీలం కావాలి. మూడో గొట్టాన్ని మామూలు కంటే వేడిగా ఉండే పెట్టెలో పెట్టింది, దీని దగ్గరి చుట్టాలు ఆ వేడికి బతకలేవు కాబట్టి. చివరిగా ఒక ప్లేటు నిండా ఇదే పూసి, పైన రకరకాల మందుబిళ్లలు పేర్చింది. ఏ బిళ్ల చుట్టూ ఇది పెరక్కుండా ఆగిపోతే, అదే అత్తగారి మందు.

అన్నీ పెట్టి, వార్డులనుంచి వచ్చిన మిగతా పనీ ముగించి చేతులు కడుక్కుంటుంటే, ఆలోచన తట్టింది.

దొంగ దొరికాడు సరే. ఇల్లెక్కడ? వాసన తొమ్మిదో గదిలో ఏళ్లనుంచీ ఉంది. అత్తగారు వచ్చింది మొన్న. అంటే ఇది అత్తగారితో రాలేదు... గదిలోనే ఉంది. రెండింటికి బయటికొస్తోంది.

గడియారం చూసింది. ఒంటిగంటన్నర.

నాలుగు దూదిపుల్లలు, టార్చీ కోటు జేబులో పెట్టుకుని మెట్లెక్కింది. అత్తగారి నిద్ర చెడగొట్టకూడదని లైటు వెయ్యలేదు. తలుపు చప్పుడు కాకుండా తీసి, మూలనున్న కుర్చీలో కూర్చుంది. మంచమ్మీద ముసుగు కదల్లేదు.

చీకటి. పైఅంతస్తులో ఎక్కడో బట్టలుతికే పెద్ద మిషను సన్నగా మూలుగుతోంది. రోజూ వినే చప్పుడే... కానీ ఆ గదిలో కూర్చుంటే ఏ చప్పుడూ రోజూ విన్నదానిలా లేదు.

రెండయింది.

పైన మిషను టక్కున ఆగింది. నిశ్శబ్దం...

గుళుక్.

గదిలోపలే. ఎడమవైపు. గొంతులో ఏదో దిగుతున్నట్టు... గుళుక్... గుళుక్... పెద్ద గుటక. తర్వాత పొడుగాటి నిట్టూర్పు.

ద్రాక్షపళ్ల వాసన నెమ్మదిగా గది నిండింది.

అదేమిటో తెలిసి కూడా సూదమ్మ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. లేవాలనుకుంది. సరిగ్గా అప్పుడే మంచమ్మీంచి గొంతు...

"వచ్చావా?"

సూదమ్మ కుర్చీకి అతుక్కుపోయింది.

"కూర్చో" అంది అత్తగారు చీకట్లోకి. గుసగుస. "నిద్ర రావట్లేదు. చెయ్యి సలుపుతోంది."

ఆగింది. మూలన గుళుక్‌మంది.

"నా కోడలు కిందే ఉంటుంది. ఈ రాత్రంతా నా చేతి గురించే ఏదో చేస్తూ ఉంటుంది... నాకు తెలుసు. గుడ్డ పట్టుకుంటే అది ఎక్కడి నేతో నేను చెబుతాను. అది చుక్క చీము పట్టుకుని, కంటికే కనపడనిదాని పేరు చెబుతుంది. చిన్న సంగతా? ఒక్కనాడూ మొహం మీద అనలేదు. అంటే నెత్తికెక్కుతుందేమోనని... నిజానికి ఎలా అనాలో తెలీక."

మళ్లీ ఆగింది. ఈసారి చాలాసేపు.

"వేలు పోతే పోయింది. కానీ పనిలేకుండా దానిమీద పడి తినడం... అదే నాకు భయం. అన్నం పెట్టదని కాదు. అది ఏమీ అనదు. ఏమీ అనకపోవడమే భయం."

ముసుగు సర్దుకున్న చప్పుడు. తర్వాత ఊపిరి నెమ్మదించింది. నిద్రలోకి జారినట్టుంది.

సూదమ్మ కళ్లు తుడుచుకుని, చెప్పులు విడిచి, గుళుక్ వినపడ్డవైపు నడిచింది. నాలుగడుగులు. ఐదో అడుగులో చేతికి చల్లగా తగిలింది... పింగాణీ. టార్చీ వేసింది.

చేతులు కడుక్కునే సింకు.

నీళ్లు పోయే కంతలోంచి బుడగ ఒకటి లేస్తోంది. ఉబ్బి, పగిలింది. సన్నటి తుంపర చుట్టూ చిమ్మింది. పక్కన గట్టుమీద, రేపటి కట్టు కోసం ఆయమ్మ కడిగి ఆరబెట్టిన పళ్లెం మీద కూడా. పైన మిషను వదిలిన నీళ్లు గోడలోని గొట్టంలో దిగుతూ గాలిని ఇటు నెడుతున్నాయి. ప్రతి రాత్రీ, రెండింటికి.

సూదమ్మ నాలుగు పుల్లలూ ఆ కంతలోనే తిప్పి తీసింది. పైకొచ్చిన దూది పచ్చగా ఉంది.

తెల్లారి గొట్టాలు సాక్ష్యం చెప్పాయి. ఎర్రటిది ఎర్రగానే ఉండిపోయింది... చక్కెర ముట్టలేదు. ఆకుపచ్చది ఆకాశం రంగుకి తిరిగింది. ఎక్కువ వేడిలో పెట్టింది నిక్షేపంలా పెరిగింది. రిపోర్టులో ఆవిడ తడిలో కాపురముండే ఆ పురుగు పేరు, సూడోమోనాస్ ఏరుజినోసా అని రాసింది. మందుబిళ్లల్లో ఇన్నాళ్లూ ఇచ్చినదాని చుట్టూ అది పచ్చికలా పెరిగి ఉంది. మరో రెండింటి చుట్టూ మాత్రం రూపాయి బిళ్లకంటే వెడల్పుగా ఖాళీ.

డాక్టరు గారు ప్లేటు కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి, కత్తి మాట మానేసి కొత్త మందు రాశారు. అత్తగారిని వార్డులోకి మార్చారు, ఆరు గురకల మధ్యకి. తొమ్మిదికి తాళం పడింది. ప్లంబరు వచ్చి సింకు కింద వంకర గొట్టం ఊడదీశాడు. కథేమీ తెలీని మనిషి. గొట్టం ఊడగానే ముక్కు ఎగబీల్చి, "ఇందులో ద్రాక్షపళ్లెవరు కుక్కారు?" అన్నాడు. ఆయమ్మ బకెట్ వదిలేసి నడవా చివరిదాకా వెళ్లిపోయింది.

రెండు రోజులకి సింకు పుల్లల్లో పెరిగిందీ అన్ని పరీక్షల్లో అదే జవాబిచ్చింది. రంగు అదే, కాగితం అదే, లొంగిన మందులూ అవే. సూదమ్మ ప్లేట్లు తెచ్చి ఆయమ్మకి చూపించింది. "ఇదే నీ దెయ్యం."

ఆయమ్మ చాలాసేపు చూసింది. "అయితే ఇన్నాళ్లూ పాపం గొట్టంలో ఉందన్నమాట" అంది.

పదిహేను రోజులకి చెయ్యి మానింది. బొటనవేలు కాస్త బిగుతుగా ఉన్నా వంగుతోంది. ఇంటికి వెళ్లే రోజు అత్తాకోడళ్లు ఆసుపత్రి గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డారు.

"ఆ రాత్రి కుర్చీలో కూర్చున్నది నువ్వే కదూ?" అంది అత్తగారు, రోడ్డువైపు చూస్తూ.

సూదమ్మ తెల్లబోయింది. "మీకు తెలుసా అత్తయ్యా?"

"స్పిరిట్ కంపు కొట్టేది మా ఇంట్లో నువ్వొక్కదానివే."

"అంటే అవన్నీ... నాకు వినపడాలనే అన్నారా?"

"లేకపోతే? గోడకి చెప్పుకునేంత మతి పోలేదు నాకు."

సూదమ్మ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నవ్వు దాచుకోవడానికి ఏదో ఒకటి అనాలని అడిగింది. "మరి అంతకుముందు నాలుగు రాత్రులు? ఆయమ్మ విన్నానంది. అప్పుడు నేను లేనుగా."

"అప్పుడు ఆవిడ ఉంది."

"ఎవరు?"

"నాకేం తెలుసు ఎవరో. నర్సేమో అనుకున్నాను. పెద్దావిడ. కాళ్ల దగ్గర కూర్చునేది." అత్తగారు మానిన చేతిని తిప్పి చూసుకుంది. "మొదటి రాత్రే చెప్పింది. ఆ మూలన చెయ్యి కడుక్కోకమ్మా, నేనూ అక్కడే కడుక్కుని పోయాను, అని."

ఆటో వచ్చి ఆగింది. సూదమ్మ కదల్లేదు.

"మరి... మీరు వినలేదా?"

"ముక్కూ మొహం తెలీనివాళ్లు చెబితే వింటానా?" అంటూ అత్తగారు ఎక్కి కూర్చుంది. "కట్టు తడిసినా సరే, శుభ్రంగా కడుక్కున్నాను. రా, ఎక్కు."